పెట్టె మూత తీస్తే వెనిగర్ వాసన

మొన్న అటక మీది రేకు పెట్టె దించి మూత తీయగానే గుప్పున వెనిగర్ వాసన. ముక్కుకి ముందు తట్టింది ఫోటోలు కడిగే డార్క్‌రూమే. ఎర్ర దీపం, సన్నగా పారే నీళ్ళ చప్పుడు, వరసగా మూడు ట్రేలు. తీరా చూస్తే పెట్టెలో డార్క్‌రూమ్ సామానేమీ లేదు. ఉన్నవి ప్రొజెక్టర్‌లో వేసి చూసే స్లైడ్లు.

వాసన మాత్రం రెండు చోట్లా ఒకటే, అసిటిక్ ఆమ్లం. డార్క్‌రూమ్‌లో అది మనం కొలిచి కలుపుకున్నది, ఇక్కడ ఫిల్మ్ తనలోంచి తానే పుట్టించుకున్నది. స్లైడ్ ఫిల్మ్ అడుగుపొర సెల్యులోజ్ అసిటేట్. వేడీ తేమా తగిలినకొద్దీ అది విడిపోయి ఆమ్లం వదులుతుంది. ఆ ఆమ్లం మిగతా పొరని ఇంకా తొందరగా విడగొడుతుంది. గట్టిగా మూత బిగించిన పెట్టెలో ఆవిరికి బయటికి దారి లేదు కాబట్టి లోపల్లోపలే పని చురుగ్గా సాగుతుంది. భద్రం అనుకుని బిగించిన మూతే చేటు చేసింది. ఆర్కైవుల్లో పనిచేసేవాళ్ళు దీన్ని వెనిగర్ సిండ్రోమ్ అంటారు.

పెట్టె సర్దిన తీరు చూస్తే ఎంఎఫ్‌ఏ (లలితకళల్లో మాస్టర్స్) చదువంతా పొరలు పొరలుగా పేర్చినట్టుంది. పైన ప్లాస్టిక్ షీట్లలో ఇరవయ్యేసి స్లైడ్లు. వాటి కింద మినీడీవీ వీడియో టేపులు. కంప్యూటర్ ఫైళ్ళు దాచుకునే పాత జిప్ డిస్కులు నాలుగు, ఒక సీడీ. అట్టడుగున టిష్యూ కాగితంలో చుట్టిన రాగిరేకు, దాన్నించి తీసిన ముద్ర ఒకటి.

స్టూడియో ఆర్ట్, డిజిటల్ మీడియా కలిపి చెప్పే చోట రెండు లోకాలుండేవి. కింది అంతస్తులో యాసిడ్లు, సిరాలు, తడి కాగితాలు. పై అంతస్తులో చల్లటి గదుల్లో కంప్యూటర్లు. సిరా చేతులతో కీబోర్డు ముట్టుకోవద్దని తలుపు మీద కాగితం అతికించి ఉండేది. స్పేస్‌బార్ మాత్రం ఎప్పుడూ నల్లగానే ఉండేది.

మూడు ట్రేలు

ట్రేల వరస ఎన్నడూ మారదు. బొమ్మని బయటికి తెచ్చే డెవలపర్, దాని పని ఆపే స్టాప్, బొమ్మని నిలిపే ఫిక్సర్, ఆ తర్వాత పారే నీళ్ళు. డెక్టాల్ అనే డెవలపర్ ఒక పాలుకి నీళ్ళు రెండు పాళ్ళు, వేడి 20 డిగ్రీలు. చలికాలంలో డెవలపర్ ట్రేని ఇంకో పెద్ద ట్రేలో గోరువెచ్చటి నీళ్ళ మీద నిలబెట్టేవాళ్ళం. నాలుగైదు డిగ్రీలు చల్లబడితే చాలు, నలుపు నలుపుగా రాదు, మీద బూడిద చల్లినట్టుంటుంది.

కొత్తవాళ్ళందరూ చేసే తప్పొకటుంది. బొమ్మ మరీ నల్లబడిపోతోందని భయపడి అరనిమిషానికే పటకారుతో లాగేయడం. ఎర్ర వెలుతురులో ఏ బొమ్మైనా ఉన్నదానికంటే ముదురుగానే కనిపిస్తుంది. ప్లాస్టిక్ పూత కాగితమైతే నిమిషం, నిమిషంన్నర, ఫైబర్ కాగితమైతే రెండు మూడు నిమిషాలు డెవలపర్‌లో ఉండాల్సిందే. బొమ్మ ముదిరితే తగ్గించాల్సింది నెగటివ్‌ని పెద్దది చేసి కాగితం మీద వేసే ఎన్లార్జర్ వెలుతురుని, ట్రేలో ఉంచే సమయాన్ని కాదు.

ఆ వెలుతురు లెక్క టెస్ట్ స్ట్రిప్ చెప్తుంది. కాగితం ముక్క పరిచి, అట్టతో కప్పుతూ ఐదు సెకన్లకోసారి ఒక్కో పట్టీ జరపాలి. ఐదు, పది, పదిహేను, ఇరవై. చీకట్లో టైమర్ టిక్కుమన్నప్పుడల్లా అట్ట ఒక వేలు వెడల్పు జరిగేది. గదిలో నలుగురుంటే నాలుగు టిక్కులు, ఒక్కటీ కలవకుండా.

స్టాప్‌బాత్ పని ముప్ఫై సెకన్లే. డెవలపర్ క్షారం, దీని అసిటిక్ ఆమ్లం తగలగానే దాని పని ఆగిపోతుంది. ఈ ట్రే ఎందుకులే అని ఎగ్గొట్టిన రోజు ఫిక్సర్ తొందరగా చచ్చేది. పటకార్లు కూడా ట్రేకొకటి. ఫిక్సర్ అంటిన పటకారు డెవలపర్‌లో మునిగితే ఆ రోజు తీసిన బొమ్మలన్నిటి మీదా మరకలే, దోషి ఎవరో తేలదు.

ఎర్ర దీపం నిజంగా కాగితానికి హాని చేయదా అన్న అనుమానం తీరడానికి నాణెం పరీక్ష ఉండేది. కాగితానికి ముందు లేత బూడిద రంగు వచ్చేంత వెలుతురు ఎన్లార్జర్ కింద చూపించాలి. ఆ తర్వాత ఎర్ర దీపం కింద పెట్టి, మీద నాణెం ఉంచి, ఐదారు నిమిషాలు ఆగి డెవలప్ చేయాలి. కాగితం మీద నాణెం గుండ్రంగా కనబడిందంటే దీపం వెలుతురు పడుతున్నట్టే. ముందు ఆ బూడిద రంగు ఎందుకంటే, తెల్ల కాగితం కొంత వెలుతురు తిన్నా బయటికి చూపించదు. అసలే వెలుతురు తగిలిన కాగితం మాత్రం వెంటనే చెప్పేస్తుంది. చాలా డార్క్‌రూముల్లో ఈ పరీక్ష ఎవరూ చేయరు, తెలుపులు ఎందుకు మురిగ్గా వస్తున్నాయో తెలియక కాగితం కంపెనీని తిడుతుంటారు.

ఫైబర్ కాగితం కడగడం సగం రోజు పని. ఫిక్సర్‌ని తొందరగా వదిలించే హైపో క్లియర్ ద్రావణంలో ముంచకపోతే పారే నీళ్ళలో గంట, ముంచితే ఇరవై నిమిషాలు. తొందరపడి బయటికి తీస్తే ఆ రోజు ఏ లోపమూ కనబడదు. ఏళ్ళు గడిచాక అంచుల నుంచి పసుపు, గోధుమ రంగు మరకలు పాకుతాయి. తడిలో చక్కగా ఉన్న బొమ్మ ఆరాక ఒక పిసరు ముదురుతుంది కూడా. అందుకే బొమ్మ సరిగ్గా కుదిరిందనిపించాక ఎక్స్‌పోజర్ ఇంకో ఏడెనిమిది శాతం తగ్గించేవాళ్ళం.

రాగిరేకు

ఎచింగ్ గదిది, అంటే లోహపు రేకు మీది గీతల్ని యాసిడ్‌తో తినిపించి ముద్రలు తీసే గదిది, ఇంకో వాసన. వేడి చేసిన సిరా, లిన్‌సీడ్ నూనె, తారు. ఆ గదిలోకి వెళ్ళొచ్చినవాళ్ళ చొక్కాలు రెండు ఉతుకుల దాకా అదే చెప్పేవి.

పని ఆకురాయితో మొదలు. రేకు నాలుగంచులూ నలభై ఐదు డిగ్రీల వాలుగా అరగదీయాలి. ఇది అందం కోసం కాదు. ప్రెస్సు ఒత్తిడికి పదునైన అంచు తడి కాగితాన్ని చీల్చేస్తుంది, దాని మీద పరిచిన ఫెల్ట్ దుప్పట్లని కూడా కోసేస్తుంది. దుప్పటి కోసినవాళ్ళని ఆ గది ఆ సెమెస్టరంతా గుర్తుపెట్టుకునేది.

ఆ తర్వాత జిడ్డు తీయడం. సుద్దపొడి, అమోనియా కలిపిన ముద్దతో రుద్ది కొళాయి కింద పట్టాలి. నీళ్ళు రేకంతా ఒకే పొరగా జారితే సరే, చుక్కలు చుక్కలుగా ముడుచుకుంటే జిడ్డు ఇంకా ఉన్నట్టు. వేలిముద్ర ఒక్కటి మిగిలినా యాసిడ్‌ని ఆపే గ్రౌండ్ పూత అక్కడ పట్టదు, యాసిడ్‌కి దారి దొరుకుతుంది. గీయని చోట నల్లటి పొక్కులు లేస్తాయి. ఫౌల్ బైట్ అనేవాళ్ళం. కొందరు దాన్ని కావాలనే చేసినట్టు క్రిట్‌లో, అంటే అందరూ చేరి ఒకరి పనిని విమర్శించే క్లాసులో, చెప్పుకునేవాళ్ళు, అదొక కళ.

హార్డ్ గ్రౌండ్ అంటే తారు, తేనెమైనం, రోజిన్ కలిపిన పూత. వేడి రేకు మీద రోలర్‌తో పల్చగా పరిచి, చల్లారాక సూదితో గీయాలి. సూదిని రాగిలోకి దించక్కర్లేదు, పూత మాత్రం తొలిగితే చాలు, మిగతాది యాసిడ్ చూసుకుంటుంది. రాగికి ఫెర్రిక్ క్లోరైడ్, జింకుకి పల్చటి నైట్రిక్. నైట్రిక్ కలిపేటప్పుడు యాసిడ్‌ని నీళ్ళలో పోయాలి తప్ప నీళ్ళని యాసిడ్‌లో పోయకూడదు. పోస్తే భగ్గున మరిగి మొహం మీదికి చిమ్ముతుంది.

నైట్రిక్‌లో గీతల వెంట బుడగలు వరసగా లేచేవి. వాటిని అలా వదిలేస్తే బుడగ కింద లోహం తినదు, గీత గతుకులు పడుతుంది. అందుకే తొట్టి పక్కన ఎప్పుడూ పక్షి ఈక ఒకటుండేది. దాంతో రేకు మీద మెల్లగా నిమురుతూ బుడగలు చెదరగొట్టాలి. ఫెర్రిక్‌లో బుడగలుండవు. మడ్డి దిగి గీతల్లో కూరుకుపోతుంది, పైగా ఆ ద్రవం ముదురు గోధుమ రంగులో ఉండి లోపల ఏం జరుగుతోందో చూడనివ్వదు. అందుకని రేకుని నిలువు తొట్టిలో వేలాడదీసేవాళ్ళం, లేదా బొమ్మ వైపు కిందికి తిప్పి పెట్టేవాళ్ళం. ఫెర్రిక్ చుక్క బట్టల మీద పడితే ఆ మరక ఇక పోదు. సింకులో పారబోస్తే రాగి గొట్టాలనీ తినేస్తుంది.

గీతలు కాక నీడలు తెచ్చే అక్వాటింట్ అన్నిటికంటే ఓపిక అడిగేది. పెట్టెలో రోజిన్ పొడి రేపి, ముతక రేణువులు కిందికి దిగేదాకా ఆగి, రేకు లోపలికి తోసి, మంచులా పొడి పడనివ్వాలి. సగం లోహం కప్పి సగం కనబడితే చాలు. అప్పుడు కింది నుంచి మంట చూపించాలి. తెల్లటి పొడి ఉన్నట్టుండి కనబడకుండా పోయి, రేకు మీద సన్నటి మెరుపు వస్తుంది. అదే గురుతు. ఆ క్షణం కంటే ముందు మంట తీస్తే రోజిన్ అంటుకోదు, యాసిడ్‌లో రాలిపోతుంది. దాటనిస్తే రేణువులన్నీ కరిగి ఒకే పొరై యాసిడ్‌ని అడుగుపెట్టనివ్వవు. పుస్తకంలో ఇన్ని సెకన్లని రాసి ఉండదు. ఆ మెరుపు ఒకటి రెండు రేకులు పాడుచేసుకున్నాకే కంటికి పట్టుబడుతుంది. గాల్లో తేలే రోజిన్ పొడి నిప్పు తగిలితే పేలుతుంది, ఊపిరితిత్తులకీ మంచిది కాదు. కాబట్టి పొడి పెట్టె ఒక గదిలో, మంట ఇంకో గదిలో, మొహానికి మాస్కు.

లేత నుంచి ముదురు దాకా రంగు మెట్లకి యాసిడ్‌లో ఉంచే లెక్క పదిహేను సెకన్లు, ముప్ఫై, నిమిషం, రెండు నిమిషాలు, నాలుగు. ప్రతిసారీ రేకు బయటికి తీసి, కడిగి, ఆరబెట్టి, ఆ మెట్టు దగ్గర ఆగాల్సిన చోట వార్నిష్ పూసి, మళ్ళీ తొట్టిలోకి. ఎందుకు రెట్టింపులంటే, కంటికి మెట్టు తేడా తెలియాలంటే సమయం అలా పెరగాలి. నిమిషానికోసారి తీస్తే చివరి మెట్లన్నీ ఒకే నలుపైపోతాయి.

ముద్ర తీసే రోజు కాగితం ముందు తడవాలి. మందపాటి పత్తి కాగితం, 300 జీఎస్ఎం, అరగంట పైనే నీళ్ళలో. తీసి అద్దుడు కాగితాల మధ్య ఒత్తాలి, పైన నీటి మెరుపు పోవాలి, చల్లదనం మాత్రం మిగలాలి. తడి ఎక్కువైతే సిరా అంటుకోక తెల్ల మచ్చలు, తక్కువైతే లోతు గీతల్లోకి కాగితం దిగదు. రేకుని వేడి పలక మీద పెట్టి సిరా నింపి, గంజి పెట్టిన పల్చటి టార్లటన్ గుడ్డతో గుండ్రంగా తుడవాలి. చివర అరచేతికి సుద్దపొడి రాసుకుని, రేకు మీద విసురుగా ఒక్కో తుడుపు. ఆ తుడుపుకి సర్రున చప్పుడొచ్చేది. గదిలో పదిమంది తుడుస్తుంటే చీపుర్లతో వాకిలి ఊడుస్తున్నట్టుండేది.

ప్రెస్సు చక్రం తిప్పుతుంటే రేకు రోలర్ కిందికి వెళ్ళే చోట చేతికి చిన్న బరువు తగులుతుంది, బయటికొచ్చే చోట తేలికవుతుంది. దుప్పట్లు ఒక్కొక్కటీ ఎత్తి, కాగితం ఒక మూల పట్టుకుని మెల్లగా ఒలిచినప్పుడు వచ్చే చిరు చప్పుడు దగ్గర అందరూ మాట ఆపేవాళ్ళు, అది ఎవరి రేకైనా సరే.

సిరా, నూనె తుడిచిన గుడ్డలు చెత్తబుట్టలో వేయకూడదు. లిన్‌సీడ్ నూనె గాలితో కలుస్తూ వేడి పుట్టిస్తుంది. ఉండచుట్టి పడేస్తే ఆ వేడి బయటికి పోలేక గుడ్డ తనంతట తానే అంటుకుంటుంది. దానికి విడిగా మూతున్న ఎర్ర లోహపు డబ్బా ఉండేది, రోజూ రాత్రి ఖాళీ చేసేవాళ్ళు.

ఒకే రేకు మీద, ఒకే తిప్పులో, పలు రంగులు తీసే పద్ధతి నేర్పిన రోజు ఎవరూ తొందరగా ఇంటికెళ్ళలేదు. ఆ పద్ధతిని ప్యారిస్‌లో ముద్రణ కళాకారుడు హేటర్ నడిపిన అటెలియే 17 అనే స్టూడియోలో పెంచి పోషించినవాళ్ళలో ముఖ్యుడు కృష్ణారెడ్డి, 1925లో చిత్తూరు ప్రాంతంలో పుట్టిన మన తెలుగాయన. కిటుకు నూనెలో ఉంది. నూనె ఎక్కువ కలిపిన పల్చటి సిరాని గట్టి రోలర్‌తో రేకు పైతలం మీద వేయాలి. చిక్కటి సిరాని మెత్తటి రోలర్‌తో వేస్తే అది గుంటల్లోకి దిగుతుంది, పైనున్న పల్చటి సిరా దాన్ని తన మీద అంటనివ్వదు. వరస తిరగేస్తే రెండూ కలిసి బురదే. ఆయన 1963 నాటి ‘వర్ల్‌పూల్’ చూస్తే రేకుని చెక్కింది ఒక శిల్పి అని తెలిసిపోతుంది.

ఎనభై గళ్ళ ట్రే

చేసిన పని బయటి లోకానికి చేరేది స్లైడ్ల రూపంలోనే. కాలేజీలో సీటుకైనా, గ్యాలరీకైనా, ఉద్యోగానికైనా ఒక షీటు, ఇరవై స్లైడ్లు. అసలు బొమ్మ ఎంత బాగున్నా, చూసేవాళ్ళ ముందుకెళ్ళేది రెండంగుళాల చట్రంలో ఇరుక్కున్న ఫిల్మ్ ముక్క.

వాటిని తీసే పద్ధతి ఇది. బొమ్మని గోడకి నిటారుగా పెట్టి, రెండు వైపులా నలభై ఐదు డిగ్రీల్లో రెండు టంగ్‌స్టన్ దీపాలు. ఫిల్మ్ కూడా టంగ్‌స్టన్‌దే కావాలి, మా దగ్గరుండేది ఎక్టాక్రోమ్ 64టీ. పగటి ఫిల్మ్ ఆ దీపాల కింద నారింజ రంగుకి తిరుగుతుంది, టంగ్‌స్టన్ ఫిల్మ్ ఎండలో నీలమైపోతుంది. వెలుతురు కొలిచేది బొమ్మ మీద కాదు, 18 శాతం బూడిద కార్డు మీద. తెల్ల బొమ్మని నేరుగా కొలిస్తే మీటర్ దాన్ని బూడిదగా మార్చేస్తుంది. ఒక్కో బొమ్మకి మూడు ఫ్రేములు, సరైనదొకటి, వెలుతురు అర స్టాపు ఎక్కువగా ఒకటి, తక్కువగా ఒకటి. తైలవర్ణాల మెరుపు చంపడానికి దీపాలకీ లెన్సుకీ పోలరైజర్లు, ఒకదానికొకటి అడ్డంగా. కొంచెం ఎక్కువ తిప్పితే రంగులు మరీ చిక్కబడి బొమ్మ ప్లాస్టిక్ లాగా తయారయ్యేది.

ఫిల్మ్ కడిగొచ్చాక అంచుల్లో కనబడే గోడని వెండిరంగు టేపుతో మూసేవాళ్ళం, లైట్‌బాక్సు మీద వంగి, వెంట్రుక వాసి తేడాతో. చట్రం మీద పేరు, శీర్షిక, మాధ్యమం, కొలత, ఏడాది, పైవైపు చూపించే బాణం. ఎడమ కింది మూలన ఎర్ర చుక్క. స్లైడ్‌ని సరిగ్గా పట్టుకుంటే ఎడమ బొటనవేలు ఆ చుక్క మీద పడాలి, అక్కణ్ణించి తలకిందులు చేసి ట్రేలో దించాలి. చుక్క మర్చిపోయిన స్లైడ్ ఎనిమిది రకాలుగా పడొచ్చు, వాటిలో ఏడు తప్పు.

కోడక్ కారౌసెల్ స్లైడ్ ప్రొజెక్టర్ ట్రేకి ఎనభై గళ్ళు. చీకటి హాల్లో ఫ్యాను హోరు, బటన్ నొక్కగానే ఖటక్కుమని ఒక స్లైడ్ లేచి ఇంకోటి దిగడం, మధ్యలో అర సెకను నలుపు. కళాచరిత్ర అంతా ఆ నలుపుల మధ్యే విన్నాం. దీపం వేడికి స్లైడ్ ఉబ్బి ఫోకస్ తప్పేది, లెక్చరర్ మాట ఆపకుండానే రిమోట్‌తో సరిచేసేవారు. ఆ ప్రొజెక్టర్ల తయారీని కోడక్ 2004లో ఆపేసింది.

గంట టేపుకి గంట

పై అంతస్తు ఎడిటింగ్ గదిలో చప్పుడు వేరు. టేపు వెనక్కి తిరిగే సన్నటి ఈల, హార్డ్ డిస్కుల గురగుర. మినీడీవీ టేపు గంట నడిస్తే కంప్యూటర్‌లోకి దించడానికీ గంట పడుతుంది. దగ్గరదారి లేదు. సెకనుకి 3.6 మెగాబైట్లు, గంటకి 13 జీబీ. డిస్కు ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటే ఒక్కో ఫైలు 4 జీబీ దాటదు, అంటే పందొమ్మిది నిమిషాలకి అటూ ఇటూగా క్యాప్చర్ తెగిపోయేది. ఎందుకు తెగిందో తెలియక రాత్రంతా కేబుల్ మార్చి చూసినవాళ్ళున్నారు.

టేపు షూట్ చేసేటప్పుడే జాగ్రత్త పడాలి. మధ్యలో వెనక్కి తిప్పి చూసుకుని, ఒకటి రెండు సెకన్లు ఖాళీ వదిలి మళ్ళీ రికార్డు నొక్కితే టైమ్‌కోడ్, అంటే టేపు మీది సమయం గుర్తు, సున్నా నుంచి మొదలవుతుంది. అప్పుడు ఒకే టేపులో రెండు ‘మూడో నిమిషాలు’ ఉంటాయి, కంప్యూటర్ తప్పు మూడో నిమిషానికి పరిగెడుతుంది. అందుకే కొత్త టేపుని లెన్సు మూత పెట్టి గంటసేపు నలుపు రికార్డు చేశాక వాడేవాళ్ళు ఉండేవాళ్ళు. చాదస్తం అని నవ్వేవాళ్ళం. సెమెస్టర్ చివర వాళ్ళే నవ్వారు.

ఇంకోటి, చాలా కెమెరాల్లో శబ్దం కొన్నప్పుడు 12 బిట్, 32 కిలోహెర్ట్జ్‌లో పెట్టి ఉండేది. ప్రాజెక్టు 48లో ఉంటే మొదటి నిమిషం బాగానే ఉంటుంది, పోనుపోను పెదాలొకటి, మాటొకటి. కెమెరా మెనూలోకి వెళ్ళి 16 బిట్‌కి మార్చడం పది సెకన్ల పని. సగంమంది మార్చేవాళ్ళు కాదు.

ఏ ఎఫెక్టు పెట్టినా టైమ్‌లైన్ మీద ఎర్ర గీత. రెండర్ నొక్కి వదిలేసి, మెట్లు దిగి ఎచింగ్ గదికొచ్చి రేకు తొట్టిలో దించేవాళ్ళం. పైన రెండర్, కింద యాసిడ్. రెండిట్లో ఏది ముందు తేలుతుందో పందేలు కూడా ఉండేవి.

బల్ల మీద తీగలు

ఎలక్ట్రానిక్స్ బల్ల ఆఖరి ఏడాది వచ్చింది. 2001లో ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో కేసీ రియాస్, బెన్ ఫ్రై మొదలుపెట్టిన ప్రాసెసింగ్ అనే ప్రోగ్రామింగ్ భాషలో గీతలు గీయడం అప్పటికే అలవాటు. 2005లో ఇటలీలోని ఇవ్రియాలో పుట్టిన ఆర్డుయినో అనే చిన్న కంట్రోలర్ బోర్డు పరిచయం కాగానే తెర మీద గీత కాస్తా మోటారైంది, దీపమైంది.

అందరికీ మొదట ఎదురయ్యే దయ్యం ఒకటే. బటన్ ఎవరూ నొక్కకుండానే నొక్కినట్టు పనిచేస్తుంది. బటన్ తెరిచి ఉన్నప్పుడు ఆ పిన్ను దేనికీ అంటుకుని ఉండదు. గాల్లో తేలుతూ, చేయి దగ్గరికొస్తే చాలు ఒకటనీ సున్నా అనీ ఊగుతుంది. పది కిలో ఓముల రెసిస్టర్‌తో దాన్ని ఒక వైపుకి కట్టేస్తే దయ్యం దిగిపోతుంది. మోటారుని బోర్డు కరెంటు మీదే నడిపితే తిరగబోయే క్షణంలో బోర్డు రీసెట్టవుతుంది. దానికి వేరే సప్లై ఇచ్చి, నేల తీగ మాత్రం ఉమ్మడిగా కలపాలి. మోటారు ఆగినప్పుడు ఎదురొచ్చే కరెంటు ట్రాన్సిస్టర్ని కాల్చకుండా ఒక డయోడ్ తిరగేసి పెట్టాలి.

మనిషొస్తే మేలుకొనే బొమ్మలకి పీఐఆర్ సెన్సర్ వాడేవాళ్ళు. అది చూసేది మనిషిని కాదు, వేడి కదలికని. గబగబా దాటిపోయేవాళ్ళకి బొమ్మ వెలిగేది. నిలబడి శ్రద్ధగా చూసేవాళ్ళ మీద మాత్రం ఆరిపోయేది.

క్రిట్, గోడ

క్రిట్ గురించి రాస్తే చాంతాడంత అవుతుంది. అమెరికాలోని కళాశాల కాల్‌ఆర్ట్స్‌లో కళాకారుడు మైకేల్ ఆషర్ నడిపిన పోస్ట్-స్టూడియో క్లాసు పొద్దున మొదలై రాత్రి దాకా సాగేదని ప్రసిద్ధి. మాది అంత లేదు, మనిషికి నలభై నిమిషాలు. బొమ్మ గీసినవాళ్ళు సగం సేపు నోరు తెరవకూడదు. ఆ నియమం ఎంత మంచిదో అప్పుడు అర్థం కాలేదు. వివరణ వినకముందు జనం ఏం చూశారో తెలుసుకునే అవకాశం చదువు ముగిశాక ఇక దొరకదు.

ప్రదర్శన వారం మాత్రం సుత్తీ, టేపు కొలతే. బొమ్మ మధ్య భాగం నేల నుంచి 57 అంగుళాల ఎత్తులో ఉండాలి. మేకు ఎక్కడంటే, 57కి ఫ్రేము ఎత్తులో సగం కలిపి, వెనక తీగని బిగలాగినప్పుడు అది పై అంచుకి ఎంత కిందున్నదో అంత తీసేయాలి. ముప్ఫై అంగుళాల ఫ్రేము, తీగ నాలుగంగుళాలు కిందికి, 57 కూడిక 15 తీసివేత 4, అంటే 68. ఈ లెక్క గోడ మీద పెన్సిలుతో రాసి, ప్రదర్శన అయ్యాక దాని మీదే తెల్ల రంగు పూసేవాళ్ళం. ఆ గోడల్ని గీకితే ఎన్ని ఏళ్ళ కూడికలు బయటపడతాయో.

ప్రొజెక్టర్‌కీ లెక్కుంది. త్రో రేషియో, అంటే బొమ్మ వెడల్పుకి దూరం ఎన్ని రెట్లన్నది, 1.5 అయితే రెండు మీటర్ల వెడల్పు బొమ్మకి మూడు మీటర్ల దూరం కావాలి. గది చిన్నదని మూలకి తోసి వంకర సరిచేసే కీస్టోన్ బటన్ నొక్కితే బొమ్మ దీర్ఘచతురస్రంగానే కనబడుతుంది కానీ పిక్సెళ్ళు నలిగిపోయి అక్షరాలు పళ్ళు పళ్ళుగా తయారవుతాయి. రెండు డీవీడీ ప్లేయర్లని ఒకేసారి నొక్కి రెండు గోడల మీద జత బొమ్మలు నడిపినవాళ్ళు మధ్యాహ్నానికల్లా ఒకటి ముందు, ఒకటి వెనక అయిపోయి తలపట్టుకునేవాళ్ళు. పైగా లూపు మొదటికొచ్చినప్పుడల్లా ఆగీ ఆగని నలుపు. తెలివైనవాళ్ళు వీడియోనే నలుపుతో మొదలుపెట్టి నలుపుతో ముగించేవాళ్ళు.

మళ్ళీ పెట్టె

జిప్ డిస్కులు 100 మెగాబైట్లవి, వాటి డ్రైవ్ ఇప్పుడు దగ్గర లేదు. ఉన్నా లోపల పెట్టాక టిక్ టిక్‌మని ఆగకుండా కొట్టుకోవడం మొదలైతే వెంటనే తీసేయాలి, పాడైన డ్రైవ్ మంచి డిస్కునీ పాడుచేస్తుంది. సీడీలో ఉన్నవి బ్రౌజర్‌లో కదిలే ఫ్లాష్ బొమ్మల ఫైళ్ళు. 2020 చివర్లో అడోబి ఫ్లాష్ ప్లేయర్‌ని ఆపేశాక బ్రౌజర్లు వాటిని తెరవవు. ఫ్లాష్‌ని అనుకరించే రఫుల్ అనే ప్రోగ్రామ్‌లో కొన్ని కదిలాయి, ఒకదాంట్లో బటన్లు తప్ప అంతా పనిచేసింది.

మినీడీవీ టేపుల్ని ఆడించేముందు ఒకసారి చివరిదాకా ముందుకీ, మళ్ళీ మొదటికీ తిప్పాలి. ఏళ్ళ తరబడి ఒకే బిగువులో ఉన్న చుట్ట సమంగా సర్దుకుంటుంది. తెర మీద చదరపు గళ్ళు చారలుగా కనబడితే అది టేపు తప్పే కానక్కర్లేదు, హెడ్డుకి పట్టిన మురికి కావచ్చు. కొత్త కంప్యూటర్లకి కెమెరాని కలిపే ఫైర్‌వైర్ పోర్టు ఉండదు కాబట్టి పాత లాప్‌టాప్ ఒకటి అరువు తెచ్చుకోవాల్సొచ్చింది. గంట టేపుకి మళ్ళీ గంటే.

స్లైడ్లని పెట్టెలోంచి తీసి, వాసన ఉన్నవీ లేనివీ వేరుచేశాం, ఒకదాని ఆవిరి ఇంకోదానికి తగులుతుంది కనక. పన్నెండు స్లైడ్లు అప్పటికే ముడుచుకుని, బొమ్మ ఉండే ఎమల్షన్ పొర గట్టులు గట్టులుగా లేచింది. మిగతావాటిని ముందు స్కాన్ చేసి, గాలి ఆడే కాగితం కవర్లలో పెట్టి, చల్లటి చోటుకి మార్చాలి. ఫ్రిజ్‌లోనైతే తేమ తగలకుండా జిప్ సంచుల్లో, బయటికి తీసినప్పుడు గది వేడికి వచ్చేదాకా సంచి తెరవకుండా.

అట్టడుగున ఉన్న ముద్రకి ఏమీ కాలేదు. 3/20, అంటే ఇరవై ముద్రల్లో మూడోది. అంచున, రేకు నొక్కిన పల్లం పక్కనే, తెల్లటి పత్తి కాగితం మీద ఎవరిదో నల్లటి బొటనవేలి ముద్ర. తడి కాగితాన్ని ఒలిచేటప్పుడు రెండో కొస పట్టుకున్నవాళ్ళదై ఉంటుంది.

ఫిల్మ్‌లో ఎంత ఆమ్లం ఉందో చెప్పే ఏ-డీ పట్టీలుంటాయి, నీలం రంగు కాగితం ముక్కలు. ఒకటి స్లైడ్ల షీటుతో పాటు సంచిలో పెట్టి మూశాం. గది వేడిలో ఒక రోజు పడుతుంది. పొద్దున చూస్తే నీలం పోయి ఆకుపచ్చకి తిరిగింది, ఒక మూల అప్పుడే పసుపు.